టెంక నుంచి పెరిగిన మామిడి చెట్టు: కొట్టేయాలా, అంటు కట్టి రకం మార్చాలా?

వాకిటిచెట్టు (ఉప్పల్, హైదరాబాదు)

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక ఒక మామిడి చెట్టు ఉంది. పదేళ్ల క్రితం బంగినపల్లి పండు తిని పారేసిన టెంక నుంచి మొలిచింది. చెట్టు చాలా ఆరోగ్యంగా ఉంది, ఏటా విరగకాస్తోంది. కానీ పండు చిన్నది, పీచు ఎక్కువ, ఎంత మాగినా పులుపు పోదు. కొట్టించి మంచి అంటు మొక్క పెడదామని మా వారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. పెద్ద చెట్టుకే అంటు కట్టి రకం మార్చవచ్చని విన్నాను. అది ఇంట్లో వాళ్లం చేయగలిగిన పనేనా? ఇంకో సందేహం: టెంక బంగినపల్లిదే అయినప్పుడు పండు ఇలా ఎందుకు వచ్చింది?

అంటుకత్తి (కడియం)

కొట్టించకండి. ఆ చెట్టు వేళ్లు పదేళ్లుగా మీ నేలలో దిగి ఉన్నాయి. కొత్త మొక్క పెడితే ఆ వేళ్ల కోసమే మళ్లీ ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. మీకు నచ్చనిది పండు ఒక్కటే కదా! పండును నిర్ణయించేది పైనున్న కొమ్మ. కొమ్మ మారిస్తే పండు మారుతుంది.

ఇక టెంక సంగతి. మన వైపు పండించే మామిడి రకాల్లో దాదాపు అన్నింటికీ టెంక లోపలి జీడిలో ఒకే పిండం ఉంటుంది, అది తల్లి పువ్వు, పుప్పొడి కలిసి పుట్టినది. పూత మీద వాలిన ఈగలు ఏ చెట్టు పుప్పొడి తెచ్చాయో ఎవరికీ తెలియదు. తల్లి బంగినపల్లి అయినా, తండ్రి పక్క వీధిలోని నాటు మామిడి కావచ్చు. అందుకే టెంక మొక్క తల్లిని పోలి ఉంటుందన్న నమ్మకం లేదు. పడమటి తీరంలో పెరిగే ఓలూరు, వెల్లైకొలంబన్ వంటి రకాలు వేరు. వాటి టెంక ఒక్కటి నాటితే మూడు నాలుగు మొలకలు లేస్తాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లి కణజాలం నుంచే పుట్టినవి, అందుకే తల్లినే పోలి ఉంటాయి. బంగినపల్లిలో ఆ గుణం లేదు. బనగానపల్లెలో పుట్టిన ఆ రకం ఇన్ని జిల్లాలకు పాకిందంటే అదంతా అంటు కట్టిన చేతుల చలవే.

ఆవకాయజాడీ (గుంటూరు)

ఒక్క మాట. పులుపు, పీచు, విరగకాపు, ఈ మూడూ ఉన్న చెట్టు ఆవకాయకు వరం. ముక్క మెత్తబడకుండా ఏడాది నిలవాలంటే అలాంటి గట్టి పుల్లకాయే కావాలి. మొత్తం మార్చేయకుండా ఒక పక్క కొమ్మనైనా పాత కాయ కోసం ఉంచుకోండి. మంచి ఊరగాయ కాయ బజారులో దొరకడం రోజురోజుకీ కష్టమవుతోంది.

వాకిటిచెట్టు

ఆవకాయజాడీ గారూ, మా అత్తగారు కూడా అదే అన్నారు. ఈ ఏడాది ఊరగాయ నిజంగా బాగా కుదిరింది. అంటుకత్తి గారూ, పద్ధతి వివరంగా చెప్పగలరా? ఏ నెలలో మొదలుపెట్టాలి?

నూజివీడురసం (నూజివీడు)

మా తోటలో పాత నాటు చెట్లను చిన్న రసానికి మార్చాం, అందుకని చెబుతున్నాను. కోత ముగిసి తొలకరి పడగానే కొమ్మలు కొట్టాలి. మాను నుంచి కొమ్మలు చీలే చోటికి పైన సుమారు మీటరు ఉంచి, రంపంతో ఏటవాలుగా కోయాలి. కొడవలితో నరికితే కొమ్మ చీలి బెరడు ఊడుతుంది. బరువైన కొమ్మను ముందు అడుగు నుంచి కొంత కోసి, ఆ తర్వాత పై నుంచి కోస్తే బెరడు జారదు. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత మందు) పూయాలి.

కొన్ని వారాల్లో ఆ మోళ్ల నిండా చిగుళ్లు వస్తాయి. అన్నీ ఉంచకూడదు. మోడుకు బలమైనవి మూడు నాలుగు, ఒకదానికొకటి ఎడంగా ఉన్నవి ఉంచి మిగిలినవి చేత్తో తుంచేయాలి. అవి పెన్సిలు లావు అయ్యాక వాటి మీద అంటు కట్టాలి. ఆ సరికి వానలు, గాలిలో తేమ బాగా ఉంటాయి.

సున్నపుచేయి (అనంతపురం)

నూజివీడురసం గారు చెప్పినది కోస్తాకు సరిపోతుంది. నేను ఉద్యాన శాఖలో పనిచేసి రిటైరయ్యాను, నా అభిప్రాయం కొంచెం వేరు. తొలకరికి కొమ్మ కొడితే చిగుళ్లు పెన్సిలు లావు అయ్యేసరికి హైదరాబాదులో వానలు వెనకబట్టే అవకాశం ఉంది. అంటు అతకడానికి కావలసిన తేమ అప్పటికి తగ్గిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొడితే జూన్, జూలై నాటికి చిగుళ్లు సిద్ధంగా ఉంటాయి, వానాకాలం మొత్తం మీ చేతిలో ఉంటుంది. ఆ ఏడాది కాపు పోతుంది, నిజమే.

వేసవిలో కొడితే ఇంకో జాగ్రత్త తప్పనిసరి. ఇన్నాళ్లూ ఆకుల నీడలో ఉన్న మాను ఒక్కసారిగా ఎండకు తేలుతుంది, బెరడు మాడి పగులుతుంది. ఆ పగుళ్లలో కాండం తొలిచే పురుగు గుడ్లు పెడుతుంది. మానుకు, పెద్ద కొమ్మలకు సున్నం కొట్టండి. ఒక్కసారిగా చెట్టంతా మోడు చేయవద్దు. ఆకులున్న కొమ్మ ఒకటో రెండో ఉంచితే అవే వేళ్లకు ఆహారం పంపుతాయి. ఆవకాయ కొమ్మ ఎలాగూ ఉంచుకుంటారు కనుక మీకు రెండు పనులూ ఒక్కదానితో తీరుతాయి.

నూజివీడురసం

కాపు పోగొట్టుకోవడం మాకు కుదరదండీ, తోట మీద బతికేవాళ్లం. పెరటి చెట్టుకైతే మీ మాటే సరైనది కావచ్చు, ఒప్పుకుంటాను.

అంటుకత్తి

ఇద్దరూ చెప్పినవి నిజాలే. వాకిటిచెట్టు గారూ, ఈ ఏడాది మీ కాపు అయిపోయింది. వచ్చే ఫిబ్రవరి దాకా ఆగలేకపోతే ఇప్పుడే ఒక పక్క కొమ్మలు రెండు మాత్రం కొట్టండి. మిగతావి ఫిబ్రవరిలో చూసుకోవచ్చు. అలా విడతలుగా చేస్తే చెట్టుకు దెబ్బ తక్కువ, మీకు చేయి అలవాటవుతుంది.

అసలు పని ఎక్కువమంది నిర్లక్ష్యం చేసే చోట ఉంది. అంటు కట్టడం అనగానే అందరూ కత్తి గురించే అడుగుతారు. నేను చూసినంత వరకు అంటు నిలవడమా, ఎండడమా అన్నది సగానికి పైగా తల్లి చెట్టు (అంటే మనం కొత్త రకం కొమ్మ తీసుకునే చెట్టు) కొమ్మను ముందుగా సిద్ధం చేయడంలోనే తేలిపోతుంది. ఏటా నిలకడగా కాసే, మీరు పండు తిని చూసిన చెట్టునే ఎంచుకోండి. కొమ్మ చివర మూడు నాలుగు నెలల వయసున్నది, పెన్సిలు లావున్నది, పూత లేనిది చూడండి. అంటు కట్టడానికి వారం, పది రోజుల ముందు ఆ కొమ్మ మీది ఆకులను కత్తిరించండి. కాడలు మాత్రం వదిలేయాలి, పీకకూడదు. ఆ కాడలు పండి వాటంతటవే రాలిపోయేటప్పటికి కొన మొగ్గ ఉబ్బి ఉంటుంది, కానీ విచ్చుకోదు. కొమ్మ కోయవలసింది సరిగ్గా అప్పుడే. మొగ్గ విచ్చి ఆకు కనిపించిందంటే ఆలస్యమైనట్టు. ఆకులు కోయకుండా అప్పటికప్పుడు తెచ్చిన కొమ్మ కూడా అతకవచ్చు, కానీ ఎండిపోయేవే ఎక్కువ.

పూత గుత్తులు గడ్డకట్టినట్టు, ఆకుల ముద్దలా కనిపించే చెట్టు నుంచి కొమ్మ తీసుకోకండి. ఆ వికృత పూత తెగులు అంటుతో పాటే మీ పెరట్లోకి వస్తుంది.

మేడతోట (విశాఖపట్నం)

కొమ్మను దూరం నుంచి తేవాలంటే ఎలాగండీ? మా చుట్టాలది విజయనగరం దగ్గర తోట, సువర్ణరేఖ అక్కడ అద్భుతంగా ఉంటుంది.

అంటుకత్తి

తడిపి పిండిన నాచులోనో బట్టలోనో చుట్టి, పైన పాలిథిన్ కవరు వేసి తెచ్చుకోండి. నీళ్లు కారేంత తడి ఉంటే కుళ్లుతుంది. కోసిన చివరలకు కరిగించిన కొవ్వొత్తి మైనం అద్దితే ఇంకా మేలు. నీడలో ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. కారు వెనుక అద్దం దగ్గర ఎండలో పెట్టి తేకండి.

ఇప్పుడు కట్టే పద్ధతి. మోడు మీద వచ్చిన చిగురు రాగి రంగు ఆకులతో లేతగా ఉన్న చోట అడ్డంగా కోసి, మధ్యలో మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు నిలువు చీలిక పెట్టాలి. కింద కొన్ని ఆకులు ఉంటే ఉండనివ్వండి. తల్లి కొమ్మ ముక్క జానెడుకు కొంచెం తక్కువగా ఉంటే చాలు. దాని అడుగును రెండు వైపులా అదే పొడవున మేకులా చెక్కాలి. ఒక్కో వైపు ఒక్క కోతతో పూర్తి కావాలి. గీకి గీకి చదును చేస్తే మధ్యలో సందులు మిగులుతాయి. కొత్త బ్లేడు వాడండి, స్పిరిటుతో తుడవండి. సొన కారితే శుభ్రమైన గుడ్డతో ఒత్తండి, వేలితో ముట్టవద్దు.

బెరడు కింద పచ్చగా, జిగురుగా ఒక పలుచని పొర ఉంటుంది. అతుకు పడేది అక్కడే. లోపలి కర్ర ఎంత బాగా కూర్చున్నా లాభం లేదు. రెండింటి లావు సమానంగా లేకపోతే మధ్యలో పెట్టకండి, ఒక పక్కకు జరిపి ఆ పక్కన రెండు బెరడులూ కలిసేలా చూడండి. తర్వాత రెండు సెంటీమీటర్ల వెడల్పు పాలిథిన్ పట్టీని కింద నుంచి పైకి గట్టిగా, నీరు చొరకుండా చుట్టాలి. పైన సన్నని పొడవాటి పాలిథిన్ సంచి తొడిగి అతుకు కింద కట్టేయండి. దాని లోపలి తేమ మొగ్గను ఎండనివ్వదు. రెండు మూడు వారాల్లో మొగ్గ పచ్చబడి విచ్చుకుంటుంది, అప్పుడు సాయంత్రం పూట సంచి తీయండి. పట్టీ మాత్రం తొందరపడి విప్పకండి. కొత్త చిగురు ముదిరి అతుకు గట్టిపడ్డాక, పట్టీ బెరడులోకి దిగకముందే నిలువుగా కోసి తీయాలి.

అతుకు కింద వచ్చే ప్రతి చిగురునూ తుంచుతూనే ఉండాలి. అవి పాత పుల్లమామిడివి. వదిలేస్తే రసమంతా అవే లాక్కుంటాయి, అంటు నీరసించి చచ్చిపోతుంది.

హ్యూస్టన్‌పెరడు (టెక్సాస్)

ఈ చివరి మాట నాకు సూటిగా తగిలింది. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ పడిన చలికి మా నారింజ చెట్టు పైభాగం పూర్తిగా చనిపోయింది. వసంతంలో కింద నుంచి గుబురుగా చిగురిస్తే చెట్టు బతికిందని సంతోషించాం. ఇప్పుడు నిండా పొడవైన ముళ్లు, ఒక్కో కాడకు మూడేసి ఆకులు. ఇది నారింజేనా?

సున్నపుచేయి

కాదండీ. మూడేసి ఆకులు, ముళ్లు ఉంటే అది అంటుకు కింద వేళ్ల కోసం వాడిన మొక్క. అమెరికాలో నారింజ జాతులను ఎక్కువగా మూడాకుల నారింజ మీద గానీ దాని సంకరాల మీద గానీ అంటు కడతారు. అది చలిని తట్టుకుంటుంది, పండు మాత్రం చేదు, తినలేరు. ఒక బలమైన రెమ్మను ఉంచి దాని మీద మంచి రకం కన్ను (మొగ్గ) అతికించుకోవచ్చు. అందుకు కొమ్మలు ఇక్కడి నుంచి తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి. నిమ్మ జాతి కొమ్మలతో పాటు గ్రీనింగ్, ట్రిస్టిజా వంటి తెగుళ్లు పాకుతాయి, అందుకే అక్కడి చట్టం అనుమతించదు. అక్కడే ధ్రువీకరించిన కొమ్మలు దొరుకుతాయి. ఈసారి గడ్డకట్టే చలి వస్తుందని తెలియగానే అతుకు మునిగేలా మాను చుట్టూ మట్టి ఎగదోయండి, చలి పోయాక తీసేయండి. పైన ఎండిపోయినా అతుకు పైన నాలుగు మొగ్గలు బతికితే మీ చెట్టు మీకు మిగులుతుంది.

మన దగ్గర సాత్‌గుడి బత్తాయిని రంగపూర్ నిమ్మ మీద గానీ జంబేరి మీద గానీ కన్ను అంటు కడతారు. అక్కడా ఇదే సూత్రం. అతుకు కింద వచ్చేది బత్తాయి కాదు.

మేడతోట

అయితే నిమ్మకు కూడా అంటు తప్పదా? నేను విత్తనం వేసి పెంచుతున్నాను.

సున్నపుచేయి

కాగితపు నిమ్మకు అవసరం లేదు. దాని గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి, చాలా మొలకలు తల్లిలాగే వస్తాయి. కాపుకు కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. జామకు గాలి అంటు సులువు. వానాకాలంలో పెన్సిలు లావు కొమ్మకు అంగుళం మేర బెరడు ఉంగరంలా తీసి, తడి నాచు కట్టి, పాలిథిన్ చుడితే వేళ్లు కనిపిస్తాయి. సపోటాను పాల చెట్టు మొక్క మీద పక్క అంటు కడతారు, అది ఇంట్లో కొంచెం ఓపిక పట్టే పని, నర్సరీ నుంచి తెచ్చుకోవడమే నయం. సీతాఫలం గింజతోనే బాగా వస్తుంది.

జామ మొక్క కొనేటప్పుడు మాత్రం సంచి విప్పి వేళ్లు చూడండి. వేళ్ల మీద బుడిపెలు ఉంటే నులిపురుగు పట్టినట్టే. ఆ మట్టి ఒక్కసారి మీ పెరట్లో పడితే వదిలించుకోవడం చాలా కష్టం.

మేడతోట

ఇంకొకటి అడగాలి. ఒకే చెట్టుకు ఎన్ని రకాలు కట్టవచ్చు? మేడ మీద తొట్టిలో ఉన్న మామిడికి రెండు మూడు రకాలు పెట్టాలని ఆశ.

అంటుకత్తి

ఉత్తరప్రదేశ్ మలిహాబాద్‌లో కలీముల్లా ఖాన్ గారు ఒకే చెట్టు మీద 300కు పైగా రకాలు నిలబెట్టారు. 2008లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకు. ఇలా కట్టడం సాధ్యమేనని చెప్పడానికి ఆయన చెట్టే చాలు. కానీ అది ఒక జీవితకాలపు శ్రద్ధ. ఇంటి చెట్టుకు రెండో మూడో రకాలు పెట్టుకుని వాటిని బాగా చూసుకోవడం మేలని నా అభిప్రాయం. ఎంపికలో కాపు కాలం చూడండి. సువర్ణరేఖ ముందు వస్తుంది, బంగినపల్లి నడుమ, నీలం చివర. ఇంటిల్లిపాదీ సీజను పొడవునా తింటారు. వేగంగా పెరిగే కొమ్మను ఏటా కోత తర్వాత కత్తిరిస్తూ ఉండాలి, లేకపోతే అది రెండోదాన్ని నీడలోకి తోసేస్తుంది.

తొట్టికైతే మూడు రకాల ఆశ వదులుకుని ఆమ్రపాలి ఒక్కటే పెట్టండి. దశేరి, నీలం సంకరం అది. పొట్టిగా ఉంటుంది, ఏటా కాస్తుంది. అవే రెండూ తల్లిదండ్రుల స్థానాలు మారితే వచ్చినది మల్లిక.

కొత్తచిగురు (కరీంనగర్)

కొమ్మలు కోసిన మోడు మీదే నేరుగా, బెరడు విడదీసి అంటు గుచ్చే పద్ధతి ఒకటి చూశాను. చిగుళ్ల కోసం ఆగనక్కరలేదు కదా?

నూజివీడురసం

చేయవచ్చు. మేమూ కొన్ని కట్టాం, నిలిచాయి. మోడు మీది కోత కుళ్లకుండా పూర్తిగా పూడే వరకు ఆ అతుకు బలహీనం. గాలివానకు కొత్త కొమ్మ ఆకుల బరువుతో సహా ఊడివస్తుంది. అలా కడితే వెదురు బద్ద ఊతం ఒకటి రెండేళ్లు ఉంచండి. నా ఓటు చిగురు మీద కట్టడానికే.

వాకిటిచెట్టు

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. తూర్పు వైపు కొమ్మలు రెండు కొట్టించాం. దక్షిణం కొమ్మ ఆవకాయకే వదిలేశాం, అత్తగారు చాలా సంతోషించారు. బోర్డో పేస్టు బజారులో దొరకలేదు, ఇంట్లో చేసుకోవచ్చా?

సున్నపుచేయి

చేసుకోవచ్చు. మైలుతుత్తం 100 గ్రాములు, పొడి సున్నం 100 గ్రాములు, నీళ్లు మొత్తం ఒక లీటరు. అర లీటరులో మైలుతుత్తం, మిగతా అర లీటరులో సున్నం విడివిడిగా కలిపి, ఆ తర్వాత రెండూ ఒకే ప్లాస్టిక్ బకెట్టులో పోస్తూ కర్రతో కలపాలి. ఇనుప, అల్యూమినియం పాత్రలు వద్దు. శుభ్రమైన ఇనుప మేకును కాసేపు ముంచి చూడండి. మేకు మీద ఎర్రటి రాగి పూత పడితే సున్నం ఇంకొంచెం వేయాలి. చేసిన రోజే వాడేయండి, చేతులకు తొడుగులు వేసుకోండి.

వాకిటిచెట్టు

చిగుళ్లు వచ్చాయి, లేతవి చూసి అంటు కట్టాం. కొమ్మలు మా అన్నయ్య ఇంటి హిమాయత్ చెట్టువి, ఆకులు ముందే కత్తిరించి ఉంచారు. కొన్ని ఎండాయి, కొన్ని బాగా చిగురించాయి. కానీ ఈ వారం ఒక వింత చూస్తున్నాను. అంటు మీద వచ్చిన లేత ఆకులు సగానికి కత్తెరతో కోసినట్టు తెగి నేల మీద పడుతున్నాయి. కాడ దగ్గర ముక్క మాత్రం కొమ్మకే ఉంటోంది. ఎవరో పిల్లలు చేస్తున్నారనుకున్నాను, కానీ గేటు తాళం వేసి ఉంటోంది.

అంటుకత్తి

పిల్లలు కాదు, ఆకు కత్తిరించే ముక్కు పురుగు. వాన తర్వాత లేత ఆకు వచ్చినప్పుడు కనిపిస్తుంది. లేత ఆకులో గుడ్లు పెట్టి, ఆ ఆకును అడ్డంగా కోసి నేల మీద పడేస్తుంది. పిల్ల పురుగు రాలిన ఆకును తింటూ పెరిగి మట్టిలోకి దిగుతుంది. అందుకని మందుకంటే ముందు చేయవలసింది ఒకటే: రాలిన ఆకు ముక్కలను ఏ రోజువి ఆ రోజు ఏరి కాల్చేయండి, లేదా పాలిథిన్ కవరులో మూతి బిగించి ఎండలో పడేయండి. కంపోస్టు గుంతలో వేయవద్దు. చెట్టు కింద మట్టిని పైపైన కదిలించండి. మిగిలిన చిగురు మీద సాయంత్రం వేప నూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున, కొంచెం సబ్బు నీళ్లు కలిపి చల్లండి. ఆకు రాగి రంగు పోయి పచ్చబడి గట్టిపడ్డాక అది ముట్టుకోదు.

వచ్చే జనవరిలో ఈ అంటు కొమ్మల మీద పూత వస్తే గిల్లేయండి. కాయ బరువు మోయడానికి అతుకు ఇంకా సిద్ధంగా ఉండదు. రెండో ఏటి పూతకు ఒకటి రెండు పిందెలు ఉంచి చూడవచ్చు.

వాకిటిచెట్టు

ఈ సాయంత్రం నుంచే ఏరడం మొదలుపెడతాను. ఫిబ్రవరిలో పడమటి కొమ్మలు కొట్టేటప్పుడు మళ్లీ అడుగుతాను. నూజివీడురసం గారూ, ఆ వైపు చిన్న రసం పెడదామనుకుంటున్నాను. మీ తోట నుంచి నాలుగు కొమ్మలు దొరుకుతాయా?

నూజివీడురసం

తప్పకుండా. జూన్‌లో మీ చిగుళ్లు సిద్ధం అవుతున్నాయనగా పది రోజుల ముందు చెప్పండి, ఆకులు కత్తిరించి ఉంచుతాను.